బండి మెడ

ఇంటికి రాగానే లారీ ఇంజన్ కట్టెయ్యడం మా బావకు అలవాటు లేదు. ఆ శనివారం సాయంత్రం కూడా కట్టలేదు. గవరపాలెం సందు మొదట్లో, ఎప్పుడూ పెట్టే చోటే, గోడకు ఆనించి బండి పెట్టి, స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసుకుని కూర్చున్నాడు. ఇంజన్ చిన్నగా ఆడుతోంది. ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో ఉన్న బండిని దూరం నుంచి తోలుకొచ్చి టక్కున ఆపకూడదు. లోపల తిరిగే చక్రం మండుతూ ఉంటుంది, ఇంజన్ ఆగితే దానికి ఆయిల్ అందదు. కాసేపు ఊరికే ఆడనిచ్చి, అది చల్లారాక ఆపాలి. ఇది డ్రైవర్లందరికీ తెలిసిందే గాని, మా బావ చల్లార్చినంతసేపు ఇంకెవరూ చల్లార్చరు.

అక్క టీ గ్లాసుతో బయటికొచ్చి, కేబిన్ మెట్టు మీద ఒక కాలు పెట్టి గ్లాసు పైకి అందించింది. దిగి తాగొచ్చు కదా అని ఎప్పుడూ అడిగే మాటే అడిగింది.

"టర్బో సల్లారాల. టీ సల్లారకూడదు. మరి ఇక్కడ తాక్కపోతే ఎక్కడ తాగమంతావు?" అన్నాడు బావ.

తాగి, గ్లాసు కిందికి ఇచ్చి, ఇంజన్ కట్టి, దిగి, తలుపు వేసి దాని మీద అరచేత్తో ఒక్కసారి చరిచాడు. గొడ్డు వీపు మీద చరిచినట్టు. అదీ అలవాటే. మర్నాడు తెల్లవారి పెరట్లో పళ్ళు తోముకుంటూ కూలబడిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. గుండె అన్నారు.

మా బావ పేరు త్రినాధరావు. దేవరాపల్లి దగ్గర చెరకు పండించే ఇంట్లో పుట్టాడు. చెరకు కొట్టడం కన్నా చెరకు బండి తోలడం మీద మనసు ఎక్కువని వాళ్ళ నాన్న తిట్టేవాడట. క్లీనరుగా చేరి, డ్రైవరై, చాలా ఏళ్ళు ఇతరుల లారీలు తోలి, చివరికి సొంతంగా ఒక పాత ఆరు చక్రాల లారీ కొన్నాడు. అనకాపల్లిలో బియ్యం, పప్పులు, సిమెంటు ఎక్కించుకుని మాడుగుల మీదుగా ఘాట్ రోడ్డెక్కి పాడేరు వెళ్ళడం, వచ్చేటప్పుడు పసుపో అల్లమో వేసుకుని దిగడం, ఇదే ఆయన బతుకు. బీడీ ముట్టడు, చుట్ట ముట్టడు. అక్క నవ్వుతూ, మొగుడికి ఇవ్వాల్సిన పొగంతా దేవుడు ఆ బండికి ఇచ్చేశాడు అనేది.

ఆ పొగకు కారణం ఉంది. బండి కొన్నప్పుడు ఘాట్ ఎక్కేది కాదని కాదు. ఎక్కేది, ఏడుస్తూ ఎక్కేది. బరువుతో మలుపు తిరిగితే మొదటి గేరులోకి రావాల్సిందే. వెనక బస్సులు హారన్లు కొడుతూ ఉండేవి. అది బావకు పెద్ద అవమానం. కొత్తూరు దగ్గర షెడ్డున్న పరదేశి ఆయనకు వరసకు అల్లుడు, చేతి పనిలో మంచివాడు. అతన్ని పట్టుకుని, పది చక్రాల బండి నుంచి దించిన పెద్ద టర్బో ఒకటి సంపాదించి ఈ బండికి వేయించాడు. ఇంజన్‌కు డీజిల్ పంపే పంపు కూడా పెంచించాడు. ఆ తర్వాత ఘాట్‌లో మూడో గేరులో పోయిందని చెప్పడానికి ఆయన మా ఇంటికి ప్రత్యేకంగా వచ్చాడు. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను, నాకు గేర్ల సంగతి ఏం తెలుస్తుంది. అయినా కూర్చోబెట్టి, ఏ మలుపు దగ్గర ఏ గేరో, కంచాన్ని స్టీరింగ్‌లా పట్టుకుని తిప్పి చూపించాడు. భోజనం చల్లారిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్య జాతరకు అక్క ఏటా నూకాలమ్మ గుడి నుంచి దిష్టికి నల్లతాడు తెస్తుంది. మా అందరికీ ఒక్కొక్కటి కట్టి, ఒకటి బండికి కడుతుంది. మొదట్లో స్టీరింగ్ కింద కడితే అది తిరిగేటప్పుడు అడ్డొచ్చేది, బావ విసుక్కునేవాడు. పెద్ద టర్బో వేసిన ఏడు అక్క కేబిన్‌లోకి ఎక్కి, ఈసారి ఎక్కడ కట్టమంటావో నువ్వే చెప్పమంది. ఆ లారీలో ఇంజన్ కేబిన్ మధ్యలోనే, డ్రైవరు సీటు పక్కన ఒక మూత కింద ఉంటుంది. బావ మూత ఎత్తి, టర్బో నుంచి ఇంజన్‌లోకి గాలి తీసుకెళ్ళే లావుపాటి రబ్బరు పైపు చూపించాడు.

"ఇదేనే దీనికి మెడ. దీన్లోంచే ఊపిరి పీలుత్తాది. పిల్లకి కట్టినట్టు ఇక్కడ కట్టీ" అన్నాడు.

ఆయన వేళాకోళానికే అన్నాడు. అక్క వేళాకోళంగా తీసుకోలేదు. ఆ పైపు చుట్టూ తాడు రెండు చుట్లు తిప్పి, బిగించి ముడి వేసింది. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే చోట, పాతదాని మీద కొత్తది. అమ్మవారి తాడు దానంతట అది తెగాలి గాని మనం కొయ్యకూడదని అక్క పట్టు. అది తెగేది కాదు. ఆయిలూ దుమ్మూ పట్టి, తాళ్ళన్నీ కలిసి నల్లటి పట్టీలా అయిపోయాయి. కొత్తగా చూసేవాడికి ఆ పైపు తయారవడమే అలా తయారైందనిపిస్తుంది.

లారీకి ఎఫ్‌సీ, అంటే రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఇచ్చే కాగితం, ఎప్పటికప్పుడు కొత్తగా చేయించాలి. పోయినసారి వరకూ బ్రేక్ ఇన్‌స్పెక్టరు బండి చుట్టూ తిరిగి, బ్రేకులు చూసి, లైట్లు చూసి సంతకం పెట్టేవాడు. ఈసారి హైవే పక్కన కొత్తగా పెట్టిన టెస్టింగ్ కేంద్రానికి వెళ్ళాలన్నారు. అక్కడ పొగను కూడా మెషీనే చూస్తుంది. సైలెన్సర్ గొట్టంలో ఒక కడ్డీ పెట్టి, ఇంజన్‌ను గట్టిగా తొక్కితే, పొగ ఎంత నల్లగా ఉందో కంప్యూటర్ చెబుతుంది. దానికి మొహమాటం ఉండదు.

ఆ కబురు వచ్చిన నాటికి ఇంట్లో వేరే గొడవ నడుస్తోంది. బావకు వయసు మీద పడుతోందని, ఘాట్‌లో రాత్రీ పగలూ తిరగడం మాని బండి అమ్మెయ్యమని అక్క ఏడాదిగా పోరుతోంది. బావ విసిగి, ఒకరోజు నా ఎదురుగానే తెగేసి చెప్పాడు.

"ఈసారి ఎఫ్‌సీ అవ్వకపోతే అమ్మేత్తాను. ఇంటికాడే కూకుంతాను. అయితే మాత్రం ఇంకెప్పుడూ ఈ మాట ఎత్తకూడదు. ఇదిగో, మీ తమ్ముడే సాచ్చి."

అక్క సరేనంది. ఆమెకు ఆ పందెం నచ్చింది. సందులో బట్టలారేసుకునే ఆడవాళ్ళందరికీ ఆ బండి పొగ ఎలాంటిదో తెలుసు. నాకూ ఆ బండి పాసవదనే అనిపించింది. పాసవకపోతే ఆయనేం చేస్తాడో మాత్రం ఊహకు అందలేదు. ఇంట్లో కూర్చున్న బావను నేనెప్పుడూ చూడలేదు. పండగరోజు కూడా భోజనం చేసి, వెళ్ళి బండిలో పడుకునేవాడు.

మొదటిసారి పరీక్షకు కాలేజీకి సెలవు కావడంతో నేనూ వెళ్ళాను. ఎయిర్ ఫిల్టర్ కొత్తది వేయించి, ఆయిల్ మార్పించి, బండి కడిగించి, ముందు అద్దానికి పూలదండ కట్టి తీసుకెళ్ళాడు. అక్కడ మెషీన్ చూసే కుర్రాడి పేరు దేవీప్రసాద్. మర్యాదస్తుడు. కడ్డీ గొట్టంలో పెట్టి, న్యూట్రల్‌లో ఉంచి ఫుల్‌గా రైజ్ చెయ్యండి అంకుల్ అన్నాడు. బావ తొక్కాడు. సగమే తొక్కాడు. కంప్యూటర్ తీసుకోలేదు. ఫుల్‌గా తొక్కాలన్నాడు దేవీప్రసాద్. బావ ఇంకాస్త తొక్కాడు. మళ్ళీ తీసుకోలేదు. వెనక వరసలో ఉన్న లారీల వాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. ఒకాయన, మామా చెప్పు తీసి తొక్కు, బరువవుతున్నట్టుంది అన్నాడు.

సంగతేమిటంటే, బరువు లేకుండా నిలబెట్టి ఇంజన్‌ను రైజ్ చెయ్యడం బావ జన్మలో చెయ్యలేదు. తనకు పని నేర్పిన నూకరాజు అనే ముసలి డ్రైవరు అది మహాపాపమని చెప్పాడట. షెడ్డులో కూడా ఎవరినీ చెయ్యనిచ్చేవాడు కాదు.

"ఇంజన్‌కి బరువు నేకుండా అలగ తొక్కకూడదు బాబూ. తిండి పెట్టకుండా మడిసిని పరిగెట్టించినట్టు. కొండ మీదకి రా నాతో, అక్కడ సూపిత్తాను ఎంత తొక్కాలో" అన్నాడు దేవీప్రసాద్‌తో.

అతను నవ్వి, కొండ మీదకి మెషీన్ రాదు అంకుల్, మీరు దిగండి, నేను తొక్కుతాను అన్నాడు. బావ దిగాడు. ఎక్కనివ్వకపోతే పరీక్షే లేదు. దిగి, గేటు దాకా నడిచి వెళ్ళి, అటు తిరిగి నిలబడ్డాడు. ఇంజన్ అరిచింది. నేను అలాంటి శబ్దం ఆ బండి నుంచి ఎప్పుడూ వినలేదు. వెనక గొట్టం నుంచి తారులాంటి పొగ లేచింది. మజ్జిగ అమ్మే ఆమె కుండ మీద కొంగు కప్పింది. దేవీప్రసాద్ తన పద్ధతి ప్రకారం మళ్ళీ మళ్ళీ తొక్కాడు. బావ అటు తిరిగే ఉన్నాడు. భుజాలు మాత్రం ప్రతిసారీ పైకి లేచాయి.

ఫెయిల్.

తిరిగి వచ్చేటప్పుడు శారదా నది వంతెన దాటాం. తర్వాత బావ, ఆ కుర్రాడికి పెళ్ళయిందా అని అడిగాడు. తెలీదన్నాను. పెళ్ళయితే ఆ పిల్ల బతుకు ఏమవుద్దో అన్నాడు.

అక్కణ్ణించి మొదలైంది. ఎఫ్‌సీ గడువు దాటిపోతే బండి రోడ్డెక్కకూడదు. పాడేరులో ఆయన మీద ఆధారపడ్డ దుకాణాలవాళ్ళవి రోజూ ఫోన్లు. పరదేశి షెడ్డుకు వెళ్ళని రోజు లేదు. పరదేశి చెప్పిందల్లా పంపు తగ్గించమనే. డీజిల్ ఎక్కువ పడుతోంది, గాలి చాలడం లేదు, అందుకే నల్లపొగ అన్నాడు. పెద్ద టర్బో ఉండగా గాలి చాలకపోవడమేమిటని బావ వాదించాడు. గంటసేపు వాదించి, తగ్గించనిచ్చాడు. మర్నాడు ఘాట్‌లో సిమెంటు లోడుతో పోతుంటే ఒక ఆటో దాటిపోయిందట. దాటేసి ఆటోవాడు చెయ్యూపాడట. ఆ చెయ్యి ఎలా ఊపాడో బావ ఇంటికొచ్చి మాకందరికీ చేసి చూపించాడు. నవ్వితే కోపమొచ్చింది. అంత అవమానం పడ్డాక కూడా రెండోసారి పరీక్షలో పొగ తగ్గింది గాని, చాలినంత తగ్గలేదు.

తర్వాత నోజిళ్ళు. డీజిల్‌ను సన్నగా చిమ్మేవి అవే. వాటిని విప్పి విశాఖపట్నం పంపి, సరిచేయించి తెప్పించి, మళ్ళీ బిగించారు. అవి వచ్చేదాకా బండి షెడ్డులో ఉంది. బావ ఇంట్లో ఉన్నాడు. ఆ రోజుల్లో అక్క కూడా విసిగిపోయి, పోనీ వెళ్ళి షెడ్డులో కూర్చో అనేది. కూర కారమంటాడు, ఫ్యాను చప్పుడంటాడు, వీధిలో ఎవరి బండి వచ్చినా లేచి గుమ్మంలోకి వెళ్ళి దాని పొగ చూసి, ఇదెలా పాసయిందో కనుక్కోరా బామ్మర్దీ అని నా మీద పడతాడు. నేను దానికి కారణమన్నట్టు. అమ్మెయ్యరాదా బావా అనే మాట నాకూ ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది.

షెడ్డులో వాళ్ళిద్దరి వాదనా వినలేకపోయేవాడిని. పరదేశి అడిగేది ఒకటే. మూత తీసి ఉంచి, బండిని ఒక్కసారి గట్టిగా రైజ్ చేస్తే తేడా ఎక్కడుందో కళ్ళతో చూడొచ్చు అని. బావ ఒప్పుకోడు. ఆ కుర్రాడు తొక్కింది చాలదా అంటాడు.

"మరి పొగ ఎక్కణ్ణించి వత్తాదో ఎలగ సూడాల మామా? కల్లోనా?" అన్నాడు పరదేశి.

"సెవి పెట్టి ఇను. నూకరాజు సెవి పెట్టి సెప్పీవోడు."

"నూకరాజుకి టర్బో ఎక్కడుంది మామా, ఆయన కాలంలో?"

నేను నవ్వాను. ఇద్దరూ నావైపు చూశారు.

పరదేశి గాలిపైపులన్నీ ఒక్కొక్కటీ పట్టుకుని చూశాడు. టర్బో నుంచి ఇంజన్‌లోకి వెళ్ళే ఆ లావు పైపు దగ్గరకొచ్చేసరికి చెయ్యి ఆపేశాడు. అమ్మ తాళ్ళు విప్పితే చిన్నమ్మలు అత్త నన్ను బతకనివ్వదు, దీని జోలికి మాత్రం నేనెళ్ళను అన్నాడు. చిన్నమ్మలంటే మా అక్కే. బావ కూడా, దాన్ని ముట్టుకోకు అన్నాడు. పరదేశి తాళ్ళ మీద నుంచే బొటనవేలితో నొక్కి చూసి, గట్టిగానే ఉందన్నాడు. ఇంజన్ ఆగి ఉంది.

నోజిళ్ళు బిగించాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బావ ఘాట్ దాకా తీసుకెళ్ళాడు. బరువుతో కొండెక్కిస్తే సైలెన్సర్‌లో పేరుకున్న మసి కాలిపోతుందని ఎవరో చెప్పారు. మాడుగుల దాటి ఎక్కుతుంటే మూత కింద నుంచి బుస్సుమని ఒక సన్నని శబ్దం వచ్చింది. అదేమిటని అడిగాను. పెద్ద టర్బో ఈల వేస్తుందిరా, దానికి సంతోషం అన్నాడు. కాసేపయ్యాక తనలో తాను అనుకున్నట్టు, ఈమధ్య దీనికి ఆయాసం ఎక్కువైంది అన్నాడు.

మూడోసారి కూడా ఫెయిలే. ఈసారి బావ గేటు దాకా నడవలేదు. అక్కడే పక్కనున్న రాయి మీద కూర్చుని, చెవులు మూసుకున్నాడు. దేవీప్రసాద్‌కే జాలేసింది. ఆ టర్బో తీసేసి కంపెనీది పెట్టెయ్యండి అంకుల్, వెంటనే అయిపోతుంది అన్నాడు.

ఆ సాయంత్రం టీ దుకాణంలో ఒకతను పక్కకు పిలిచి, ఇంత కష్టం దేనికి, మరో బండికి కడ్డీ పెట్టించి ఈ నంబరు కింద చూపించే మార్గం తనకు తెలుసన్నాడు. నిజంగా తెలుసో, ఊరికే అన్నాడో నాకు తెలీదు. బావ అతని మీదకు వెళ్ళలేదు, అరవలేదు. టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"నా బండి పాసవ్వాల. ఎవడి బండో పాసైతే నాకేటి?" అన్నాడు.

అది నిజాయితీ అని నేను అనను. అక్కతో పందెం వేసింది తన బండి మీద. ఆ బండిలో ఆయనకు గర్వం ఉన్నదంతా ఆ టర్బో, ఆ పంపు సెట్టింగే. అవి తప్పు కావని ఎవరో ఒకరు, కనీసం ఆ మెషీనైనా చెప్పాలి.

ఎవరూ చెప్పలేదు. చివరికి ఒప్పుకున్నాడు. పరదేశి షెడ్డులో, అప్పట్లో ఈ బండి నుంచి దించిన కంపెనీ టర్బో, టార్పాలిన్ ఎగిరిపోకుండా దాని మీద బరువుగా పెట్టి ఉంది. దాన్ని తీసి, తుడిచి, బెంచీ మీద పెట్టాడు. బావ దాన్ని చేత్తో ఎత్తి చూసి, ఎంత చిన్నదో అన్నాడు. సోమవారం పొద్దున్న పెద్దది దించి ఇది ఎక్కించాలి, ఆ తర్వాత నాలుగోసారి పరీక్ష. ఒక్కటి మాత్రం అడిగాడు.

"ఈలోగా నా పంపు సెట్టింగు నాకు పెట్టీ. శనివారం ఒక్క లోడు ఎల్లొచ్చేత్తాను."

పరదేశి పెట్టాడు. గడువుకు అదే చివరి వారం. ఆ శనివారం బియ్యం వేసుకుని పాడేరు వెళ్ళాడు, అల్లం వేసుకుని వచ్చాడు, మార్కెట్లో దించాడు, బండి తెచ్చి గోడకు ఆనించాడు, కేబిన్‌లోనే టీ తాగాడు. దిగి తలుపు చరిచాక నేను అడిగాను, ఎలా ఎక్కింది బావా అని.

"ఆయాసపడిందిరా. మూడులో ఎక్కలేదు. ముసిల్దయిపోయింది, నాలాగే" అన్నాడు.

ఆయన నాతో అన్న చివరి మాట అదే.

తర్వాత బండి చాలాకాలం గోడ పక్కనే ఉంది. దినవారాలకు వచ్చినవాళ్ళంతా దాన్ని తప్పుకుని లోపలికి రావాల్సి వచ్చింది. అక్క అటు చూసేది కాదు. ఒకరోజు నన్ను పిలిచి అమ్మెయ్యమంది. ఎఫ్‌సీ అవ్వలేదు కదా, ఆయన మాట ఆయన నిలబెట్టుకున్నట్టే అవుతుంది అంది. అది వింటే నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలీదు. దేవీప్రసాద్ మీద, పరదేశి మీద, ఆ మెషీన్ మీద, ఓడిపోయి వెళ్ళిపోయిన మనిషి మీద. ఇంకో పది రోజులు బతికి ఆ చిన్న టర్బోతోనైనా పాసవకూడదా అనుకున్నాను. మళ్ళీ, అలా పాసయి ఉంటే ఆయన బతికినన్నాళ్ళూ ఆటోవాళ్ళు చెయ్యూపుతూనే ఉండేవాళ్ళు కదా అనిపించేది.

బండిని శాంతికుమార్ కొన్నాడు. ఊళ్ళోనే ఉంటాడు, చర్చి వీధి. రాజయ్యపేట నుంచి చేపలూ ఐసూ తోలుతాడు. బండికి ఎఫ్‌సీ లేదని, మూడుసార్లు ఫెయిలైందని దాచకుండా చెప్పాను. నేను చూసుకుంటాను మాస్టారూ అన్నాడు. అక్క కేబిన్‌లో నుంచి బావ తువ్వాలు ఒక్కటి తెప్పించుకుంది.

కొన్ని నెలల తర్వాత బెల్లం మార్కెట్ దగ్గర ఆ లారీ కనబడింది. రంగు మారింది గాని ముందు బంపర్ సొట్ట అదే. శాంతికుమార్ కేబిన్‌లోనే ఉన్నాడు. దిగి, బావున్నారా మాస్టారూ అని పలకరించాడు. ఎఫ్‌సీ అయిందా అని అడిగాను. మొదటిసారికే అయిపోయిందన్నాడు. చిన్న టర్బో పెట్టించావా అన్నాను.

"లేదండి. మీ బావగారు పెట్టిన పెద్దదే ఉంది. పంపు కూడా ఆయన పెట్టిన సెట్టింగే, నేను ముట్టుకోలేదు. బ్రహ్మాండంగా ఉందండి బండి. కొండెక్కించి చూడండి, తెలుస్తుంది."

నాకు అర్థం కాలేదు. మరి పొగ, అన్నాను. రమ్మని కేబిన్‌లోకి ఎక్కించి మూత ఎత్తి చూపించాడు. టర్బో నుంచి ఇంజన్‌లోకి వెళ్ళే లావు పైపు కొత్తది, నున్నగా మెరుస్తోంది. తాళ్ళు లేవు.

"తప్పుగా అనుకోకండి మాస్టారూ. మా ఇంట్లో అలాటివి కట్టం. అందుకని కోసేను. పారెయ్యలేదు, శారదలో కలిపేను. కోసేక కింద చూస్తే పైపు చీలిపోయి ఉంది, వేలెడంత. ఊరికే ఉన్నప్పుడు మూసుకునుంటాది. రైజ్ చేస్తే విచ్చుకుంటాది. గాలంతా అక్కడే బయటికి పోతంది. పైపు మార్చేను, అంతే. ఇంకేటీ చెయ్యలేదు."

మూత వేసేశాడు. ఆయన సెట్టింగ్ సరైనదేనండి అన్నాడు మళ్ళీ. నేను ఇంకేదో అడిగి ఉంటే బాగుండేది. దిగిపోయాను.

అక్కకు చెప్పకుండా ఉండలేకపోయాను. ఎఫ్‌సీ అయిందని, బావ టర్బోతోనే, బావ సెట్టింగుతోనే అయిందని చెప్పాను. ఆమె బియ్యం ఏరుతోంది. అయితే పందెం ఆయనే నెగ్గేడన్నమాట అంది. నవ్వింది కూడా. తర్వాత చీలిక సంగతి చెప్పాను. తాళ్ళ సంగతి చెప్పాను. ఆమె చేతులు చేటలో ఆగిపోయాయి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"ఏ తాడు కిందరా?" అంది.

ఏ తాడైతే ఏముందక్కా అన్నాను. కనుక్కుని చెప్పమంది. ఇంటికొచ్చి శాంతికుమార్‌కు ఫోన్ చేసి, ఇలా అడగడం వింతగా ఉంటుంది గాని అని అడిగాను. అతను గుర్తు తెచ్చుకోవడానికి ఆలోచించలేదు.

అన్నిటికన్నా అడుగున ఉన్న తాడు కింద, ముడి వేసిన చోటేనండి, అన్నాడు.